కోతులు తెచ్చిన సమతాస్థితి

కోతుల్లేని ఊరు వెనకబడిన ఊరు! ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు. పొద్దున్నే కాఫీ తాగి, పెంకులన్నీ పక్కింటి దొడ్లో పడి ఉన్న మా వంటింటి కప్పు కింద నిలబడి, తెల్లవారుతున్న ఆకాశాన్ని చూస్తూ, బాగా ఆలోచించి అంటున్నాను.

మీ ఊళ్ళో కోతులున్నాయా? అయితే మీరు అదృష్టవంతులు. లేవా? వెంటనే ఒక దరఖాస్తు పెట్టుకోండి. మా ఖమ్మం జిల్లా నుంచి ఎన్ని కావాలంటే అన్ని పంపిస్తాం. రవాణా ఖర్చు కూడా మాదే.

ఏం మేలు చేశాయని అడుగుతారా? మోకాళ్ళ నొప్పులని ఖమ్మంలో డాక్టర్ల చుట్టూ తిరిగిన ఆడవాళ్ళు ఇవాళ కర్ర పట్టుకుని మూడు డాబాలు దాటుతున్నారు. మూడేళ్ళుగా మాటల్లేని తోడికోడళ్ళు "అక్కా, నీ వడియాలు!" అనే ఒక్క కేకతో కలిసిపోయారు. ఫోన్లోంచి తల ఎత్తని కుర్రాళ్ళు చెట్ల కొమ్మల వంక చూస్తూ నడవడం నేర్చుకున్నారు, ఎందుకంటే ఆ ఫోన్ ఏ క్షణాన కొమ్మెక్కుతుందో తెలియదు. షుగర్ పేషంట్లు కొన్న అరటిపళ్ళు ఇంటికి చేరకుండా దారిలోనే ఆగిపోతున్నాయి. ఇంతకన్నా ప్రజారోగ్య పథకం ఏముంటుంది చెప్పండి!

అయితే ఇవన్నీ చిల్లర మేళ్ళు. కోతులు చేసిన అసలు మేలు జన్యుశాస్త్రానికి. నవ్వకండి! ఇంటర్మీడియట్ జువాలజీలో, పరీక్షకు వస్తుందని బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోయే ఒక పాఠం ఉంటుంది. జన్యు సమతాస్థితి అని. ఆ పాఠాన్ని పుస్తకంలోంచి బయటికి లాగి, ఎండలో, పొలంలో, తోకలతో సహా నిరూపించిన ఘనత వేంసూరు మండలంలోని ఒక ఊరి కోతులకు దక్కింది. ఊరి పేరు రాయను. రాస్తే ఇంకా వస్తాయేమోనని అక్కడి సర్పంచ్ గారి భయం.

ఆ నిరూపణకు ప్రత్యక్ష సాక్షి సుబ్బరత్నం గారు. నేను కాస్త పక్కకు జరిగి ఆమె కథ చెబుతాను.

సుబ్బరత్నానికి యాభై రెండేళ్ళు. భర్తకు సత్తుపల్లిలో ఎరువుల షాపు. ఊళ్ళో ఉన్న మూడెకరాల్లో రెండెకరాలు పత్తికి కౌలుకిచ్చేశారు. మిగిలిన ఎకరం మాత్రం ఆమెది. యాసంగి వచ్చిందంటే ఆ ఎకరంలో పల్లీ తప్ప ఇంకేదీ వేయనివ్వదు, ఎవరేం చెప్పినా వినదు.

అది మామూలు పల్లీ కాదు మరి. ఆమె అత్తగారి వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి వచ్చి భూమి కొన్నప్పుడు, అత్తగారు గుడ్డసంచిలో కట్టుకుని తెచ్చిన విత్తనం. సన్న కాయ, ఎర్ర పొట్టు, కాయకు మూడు గింజలు. ఏ షాపులోనూ దొరకదు, భర్త షాపులో అసలు దొరకదు. పండినదాంట్లోంచి ఏటా మంచి కాయ ఏరి పక్కన పెట్టడం, మళ్ళీ ఏడు అదే వేయడం. నలభై ఏళ్ళుగా ఇదే వరస. అత్తగారు పోయేముందు నగలు ఎవరివో చెప్పలేదు గానీ, "ఇత్తనం రత్నానికి" అని మాత్రం స్పష్టంగా చెప్పి పోయింది. నగల గురించి ఇంట్లో ఇప్పటికీ గొడవే. విత్తనం గురించి ఎవరూ గొడవ పడలేదు, ఎవరికీ అక్కర్లేదు కాబట్టి.

ఆ విత్తనం మీద కోతులు వచ్చి పడ్డాయి. మొక్క పీకడం, మట్టి దులపడం, కాయ ఒలవడం, రెండు గింజలు తిని మూడోది పారేయడం, పక్క మొక్క పీకడం. నిరుడు ఎకరానికి మూడు బస్తాలే ఇంటికొచ్చాయి. ఈ ఏడు కూడా ఇలాగే అయితే విత్తనానికి కట్టే కాయ కూడా మిగలదు. ఒక్క ఏడాది తప్పిందా, ఆ రకం పోయినట్టే. అప్పు అడగడానికి ఇంకెవరి దగ్గరా లేదు. ఊళ్ళో పల్లీ వేసేది ఆమె ఒక్కతే మరి.

మొక్కలకు ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో సుబ్బరత్నం సర్పంచ్ వెంకటరామారావు గారి ఇంటికి వెళ్ళింది. వెళ్ళేసరికి ఆయన స్వయంగా కర్ర పట్టుకుని కొబ్బరిచెట్టు కింద నిలబడి ఉన్నాడు.

"బోను తెప్పిస్తున్న రత్నమ్మా!" అన్నాడు చెట్టు మీద నుంచి చూపు తిప్పకుండా. "అన్నిటినీ పట్టి భద్రాచలం రోడ్డు అడవిలో వదిలేసి రమ్మంటా. అక్కడికి పోతే మళ్ళీ రావు. కాకపోతే ఒక్క షరతు. మంగళవారం, శనివారం బోను పెట్టొద్దు. ఆంజనేయస్వామి రోజులు. ఊరికి మంచిది కాదు."

షరతు న్యాయమే అనిపించింది సుబ్బరత్నానికి. ఆ రెండు రోజులూ ఆమె కూడా ఉపవాసమే.

బోను తెచ్చినవాడు ముస్తకీమ్. సత్తుపల్లిలో వెల్డింగ్ షాపు. వాళ్ళ తాతల నాటి నుంచి ఇనుప పని. మొదట నాగళ్ళు, తర్వాత గేట్లు, ఇప్పుడు కిటికీ గ్రిల్స్, వరండా గ్రిల్స్, డాబా మీద గ్రిల్స్, చివరికి బోన్లు. మనుషులు లోపల, కోతులు బయట ఉండాలన్నా ఇతనే, కోతులు లోపల, మనుషులు బయట ఉండాలన్నా ఇతనే. బోను కిరాయికిస్తాడు, తన ట్రాలీ ఆటోలో తానే తోలుకొస్తాడు, పట్టినవాటిని తానే తోలుకుపోతాడు.

"నిజం చెప్పాలంటే అమ్మా, ఈ కోతులు వచ్చినంక మా షాపుకు పండగ అస్తలేదు, రోజూ పండగే" అన్నాడు బోను దించుతూ. "అల్లా దయ వల్ల మా పెద్దోడు ఇంజనీరింగ్‌ల చేరిండు."

చూశారా! నిరుద్యోగ సమస్యకు కోతులు చేసిన సేవ ఇది. ఏ పథకంలోనూ దీని పేరు కనపడదు.

ఆదివారం పొద్దున అరటిపళ్ళు, మొక్కజొన్న కంకులు పెట్టి బోను తలుపు తెరిచారు. మధ్యాహ్నానికి ఇరవై మూడు లోపలికి వెళ్ళాయి. ఊరంతా చూడటానికి వచ్చింది. పద్మావతమ్మ గారనే పెద్దావిడ బోను ముందు కొబ్బరికాయ కొట్టి, "స్వామీ, మా తప్పేం లేదు, పంచాయతీ తీర్మానం" అని దండం పెట్టి వెళ్ళింది. ఆ కొబ్బరి చిప్పలు కూడా బోనులోకే వెళ్ళాయి.

ఆ రోజు ఊళ్ళో సుజన ఉంది. సుబ్బరత్నం అక్క కూతురు, ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. కాలేజీ వాళ్ళు ఏడాదికి రెండుసార్లు దయతలచి ఇచ్చే రెండు రోజుల సెలవులో పిన్ని ఇంటికి వచ్చింది. సెలవులో కూడా పాఠం చెప్పకుండా ఉండలేని మనిషి. ఆమె బోను చుట్టూ రెండుసార్లు తిరిగి, కళ్ళు మెరుస్తూ ఆగింది.

"పిన్నీ, బోనులోకి వెళ్ళినవి ఎలాంటివి, వెళ్ళనివి ఎలాంటివి?"

"వెళ్ళినవి ఆకలివి. వెళ్ళనివి తిన్నవి. నా పల్లీ."

"కాదు! వెళ్ళినవి నమ్మే రకం. చెట్టు మీద కూర్చుని చూస్తున్నవి అనుమానించే రకం." ఒకే లక్షణానికి జన్యువులో రెండు మూడు రూపాలు ఉంటాయనీ, వాటిని అల్లీల్స్ అంటారనీ, ఒక గుంపులో ఏ రూపం నూటికి ఎన్ని పాళ్ళు ఉందో అదే ఆ అల్లీల్ ఫ్రీక్వెన్సీ అనీ సుజన గడగడా చెప్పేసింది. "ఇప్పుడు నమ్మేవాటిని మాత్రమే ఏరి పంపించేస్తున్నాం. అంటే మన ఊళ్ళో అనుమానం అల్లీల్ పెరుగుతుంది. పదితరాలు పోతే మన కోతులను ఎవ్వరూ పట్టలేరు!"

"అంటే మీ కాలేజీ లెక్కనే. మంచిమంచివి ఉంచుకుని మిగతావి పంపించేస్తున్నరు" అంది సుబ్బరత్నం.

వెళ్ళిన కోతులు తిరిగొస్తాయో లేదో తెలుసుకోవడానికి గుర్తు పెట్టాలంది సుజన. ముస్తకీమ్ దగ్గర గేట్లకు పూసే రెడ్ ఆక్సైడ్ డబ్బా ఉంది. పొడుగాటి కర్రకు బ్రష్ కట్టి, చువ్వల సందుల్లోంచి దొరికిన తోకకల్లా ఎర్ర రంగు పూశారు. పూసినంతసేపూ లోపల కోతులు, బయట జనం ఒకే గోల. ముస్తకీమ్ మాత్రం బాధపడ్డాడు. "ఫస్ట్ కోట్ అయితే ఏసినం మేడమ్, సెకండ్ కోట్ లేకపోతే నిలవదు."

బోను వెళ్ళిపోయింది. సుజన కూడా ఖమ్మం వెళ్ళిపోయింది. సోమ, బుధవారాలు సుబ్బరత్నం చేలో గట్టు మీద కూర్చుని, ఎన్నాళ్ళకో నింపాదిగా మధ్యాహ్నం అన్నం తింది, మంగళవారం నింపాదిగా ఉపవాసం ఉంది. చెట్టు మీద అనుమానం రకం ఉన్నాయి గానీ, కర్ర చూస్తే ఆగేవి. మూడు గింజల కాయ ఈసారి ఇంటికొస్తుందని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది. ఇంటికెళ్ళి, అత్తగారి గుడ్డసంచి ఉతికి ఆరేసింది.

గురువారం మధ్యాహ్నం ఒక గుంపు వచ్చింది. కర్రకు భయపడలేదు, కేకకు భయపడలేదు, మనుషుల దగ్గరికే వచ్చి చెయ్యి చాపాయి. కొత్త మొహాలు. తోకలు చూసింది. ఎర్ర రంగు లేదు. సాయంత్రానికి మూడు సాళ్ళు పోయాయి. తర్వాతి ఆదివారం మళ్ళీ బోను పెడితే ఆ కొత్త గుంపు గుంపంతా బుద్ధిగా నడిచి లోపలికి వెళ్ళింది. సుబ్బరత్నం ఊపిరి పీల్చుకుంది.

రెండు రోజులే ఆ ఊపిరి. మంగళవారం పొద్దున చేలోకి వెళ్ళేసరికి గట్టు మీద ఒక కోతి కూర్చుని కాయ ఒలుస్తోంది. దాని తోక కొస ఎర్రగా ఉంది. దాని వెనక ఇంకోటి, దాని తోకా ఎర్రగానే ఉంది. మొత్తం పద్దెనిమిది ఎర్ర తోకలు లెక్కపెట్టి, ఆమె అక్కడే కూలబడింది. భద్రాచలం రోడ్డు అడవి ఎక్కడ, ఈ చేను ఎక్కడ! వందకు పైగా కిలోమీటర్లు నడిచొచ్చాయా?

నడిచి రాలేదు. ఆటోలో వచ్చాయి. ఆ సంగతి ముస్తకీమ్‌ను పిలిపిస్తే తెలిసింది. అతను దాచలేదు, పైగా కొంచెం గర్వంగానే చెప్పాడు.

మొదటి ఆదివారం బోనుతో బయల్దేరి, దమ్మపేటలో చాయ్‌కి ఆగాడట. హోటల్ ముందు ఇంకో ఆటో ఆగి ఉంది, దాని మీద కూడా ఒక బోను, బోను నిండా కోతులు. ముస్తకీమ్ ముందు కోతులను చూడలేదు, వెల్డింగ్ చూశాడు. తన చేతి పనే! ఆ బోను తోలుకొస్తున్న హాతీరాం భద్రాచలం దగ్గర సారపాక దాటాక ఉన్న ఒక తండావాడు. వాళ్ళ పంచాయతీ వాళ్ళు కూడా కోతులను పట్టి పంపారు. ఎక్కడికి? సత్తుపల్లి అడవికి!

"నేనన్న, 'భాయ్, మీ అడవి ఉండగ మా అడవెందుకు?' అని. అతనన్నడు, 'మా అడవిల తినేదేముంది అన్నా? నేరేడు లేదు, తునికి లేదు, మొర్రి లేదు. యాడ చూసినా జామాయిలే. దాని ఆకు మేక గూడ ముట్టది. కోతులేం జేస్తయ్, ఊళ్ళమీద పడ్డయ్' అని. మన దగ్గర గూడ గంతే గద అమ్మా. ఇద్దరం చాయ్ తాగినం, ఆలోచన జేసినం. నన్ను మా కోతులను ఆళ్ళ అడవిల ఇడ్సి రమ్మన్నరు. ఆయన్ను ఆళ్ళ కోతులను మన అడవిల ఇడ్సి రమ్మన్నరు. ఇద్దరం అంత దూరం పోవుడెందుకు? రెండు బోన్లు ఒకటే సైజు. మార్చుకున్నం. ఆళ్ళవి నేను దెచ్చి మన ఊరి అవతల ఇడ్సిన, మనవి ఆయన తీస్కపోయి ఆళ్ళ ఊరి అవతల ఇడ్సిండు. పని అయింది, డీజిల్ సగం మిగిలింది. ఆళ్ళు ఇరవై రెండు ఇచ్చిన్రు, మనం ఇరవై మూడు. ఒకటి ఎక్కువిచ్చినమని చాయ్ ఆయనే తాగిపిచ్చిండు."

"మొన్న ఆదివారం?"

"మొన్న గూడ గదే. మన ఎర్ర తోకలు అక్కడ మళ్ళ దొరికినయట. ఆయన దమ్మపేటకు తెచ్చిండు. పాత చుట్టాలు గద, నేనే గుర్తుపట్టిన."

సుబ్బరత్నానికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అతని లెక్కలో తప్పు ఎక్కడుందో వెతికింది, దొరకలేదు. ఇద్దరూ చెప్పిన పని చెప్పినట్టే చేశారు.

ఫోన్లో సంగతంతా విన్న సుజన ఆ ఆదివారమే బస్సెక్కి వచ్చేసింది. కాలేజీలో ఏదో జ్వరమని చెప్పిందట. వస్తూనే ఇంటి గోడ మీద సున్నం పెళ్ళతో పీ స్క్వేర్ ప్లస్ టూ పీక్యూ ప్లస్ క్యూ స్క్వేర్ ఈజీక్వల్ టు వన్ అని రాసింది.

"పిన్నీ, వందేళ్ళ కిందట హార్డీ అని ఒక ఇంగ్లీషాయన, వైన్‌బర్గ్ అని ఒక జర్మన్ డాక్టరు చెప్పారు. అయిదు షరతులు తీరితే ఒక గుంపులో అల్లీల్స్ పాళ్ళు తరతరాలకూ మారవు. ఒకటి, గుంపు చాలా పెద్దదై ఉండాలి."

"ఉంది" అంది సుబ్బరత్నం డాబా వంక చూస్తూ.

"రెండు, జత కట్టడంలో ఎంపిక ఉండకూడదు. ఎవరికి ఎవరు దొరికితే వాళ్ళే."

"అంటే కులం, గోత్రం, జాతకం?"

"ఏవీ ఉండకూడదు."

"అయితే ఈ సూత్రం కోతులకే. మనకు రాదు. తర్వాత?"

"మూడు, మ్యుటేషన్లు ఉండకూడదు. అంటే జన్యువుల్లో హఠాత్తుగా కొత్త మార్పు రాకూడదు."

"మొన్న ఒకటి మా ఫ్రిజ్ తలుపు తీసి, పాలగిన్నె తీసుకుని, మళ్ళీ తలుపేసి పోయింది. అది మ్యుటేషనా?"

"అది మర్యాద పిన్నీ. నాలుగు, బయటి నుంచి రాకపోకలు ఉండకూడదు. అయిదు, ఎంపిక ఉండకూడదు, అంటే ఒక రకం మిగిలి ఇంకో రకం పోవడం. ఈ చివరి రెండూ మన ఊళ్ళో తప్పాయి. బోను నమ్మేవాటిని ఏరి తీసేస్తోంది. కానీ చూడు! ముస్తకీమ్ భాయ్ ఆటో అవతలి ఊరి నుంచి మళ్ళీ నమ్మేవాటినే తెచ్చి పోస్తోంది. బోను తీసినంత ఆటో నింపుతోంది. ఒకదానికొకటి కొట్టుకుపోయి, లెక్క సమానం! ఎన్ని ఆదివారాలు పట్టినా అన్ని కోతులు, అన్ని పాళ్ళు. పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడని సమతాస్థితి మన ఊళ్ళో ఉంది!" సుజన ఆనందంతో చప్పట్లు కొట్టింది.

బోను పెట్టడానికి వచ్చిన ముస్తకీమ్‌కు అర్థమైనంతలో తనను మెచ్చుకుంటున్నారని తేలింది. "మా తాత నాటి నుంచి గూడ ఇన్సాఫ్ తోనే, న్యాయంగనే పని చేస్తం మేడమ్" అన్నాడు.

ఈ లోపు బోనును ఊళ్ళోనే ఉంచి, స్వామి రోజులు తప్ప మిగతా రోజుల్లోనూ తెరవడం మొదలైంది. కోతులు ఇంకో సంగతి కూడా కనిపెట్టాయి. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ రోజు ఎంత నష్టమో సుబ్బరత్నం గోడ మీద గీతలు గీస్తే, మంగళవారం, శనివారం గీతలే గోడ చివరిదాకా పోయాయి. అవి స్వామి రోజులు కదా! ఆ రెండు రోజులూ బోను తలుపు మూసి ఉంటుంది, చేను తలుపు తెరిచి ఉంటుంది. భక్తిని ఇంత క్రమశిక్షణతో పాటించే జీవి ఇంకోటి ఉందా? ఆ రెండు రోజులూ సుబ్బరత్నం ఉపవాసం ఉండేది, అవి ఉండేవి కావు, అంతే తేడా.

సమతాస్థితి మాట సర్పంచ్ గారి చెవిన పడింది. పూర్తిగా విని, రెండుసార్లు చెప్పించుకుని, ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఈ సమతాస్థితి ఎప్పట్నుంచి వచ్చినట్టమ్మా?"

"బోను పెట్టినప్పటి నుంచి అంకుల్."

"అంటే మన హయాంలోనే!"

మూడో రోజుకు బస్టాపు దగ్గర ఫ్లెక్సీ లేచింది. "జన్యు సమతాస్థితి సాధించిన మండలంలోని తొలి గ్రామం" అని పెద్ద అక్షరాలు, సర్పంచ్ గారి నిలువెత్తు బొమ్మ, కింద వార్డు మెంబర్ల చిన్న బొమ్మలు. మధ్యాహ్నానికి సర్పంచ్ గారి మొహం దగ్గర ఎర్ర తోక కోతి ఒకటి చిల్లు చేసి, అందులోంచి తల బయటపెట్టి బస్టాపును చూసింది. దారినపోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకున్నారు.

ఆ హడావిడిలో అందరూ సంతోషంగా ఉన్నారు, సుబ్బరత్నం తప్ప. పల్లీ తవ్వే రోజులు వచ్చాయి. ఎకరం మొత్తం తవ్వితే రెండు బుట్టల కాయ వచ్చింది. ఆమె ఒక్కతే కూర్చుని, పుచ్చుది, తాలుది ఏరి పారేసి, మంచిది గుడ్డసంచిలో కట్టింది. సంచి సగం కూడా నిండలేదు.

"ఏమే సుజనా" అంది ఆ సాయంత్రం, మళ్ళీ జ్వరమని చెప్పి వచ్చిన అక్క కూతురితో. "కోతులు మారలేదు, వాటి పాళ్ళు మారలేదు, బాగానే ఉంది. మరి నా చేను ఇట్లెందుకు మారింది? ఏదో ఒకటి మారకుండా ఇట్ల కాదు గదా."

సుజన గోడ మీద రాసినదాన్ని చీర కొంగుతో తుడిచింది. కొత్త లెక్క మొదలుపెట్టింది. కోతులది కాదు, మనుషులది. పదేళ్ళ కిందట ఊళ్ళో నూట పది వ్యవసాయం ఇళ్ళు. అందులో పల్లీ, జొన్న, కంది, పెసర, తినేదేదో ఒకటి వేసే ఇళ్ళు ఎన్ని? పిన్ని చెబుతూ పోయింది, సుజన వేళ్ళు మడుస్తూ పోయింది. తొంభై ఎనిమిది. అయిదేళ్ళ కిందట? నలభై. నిరుడు? ఆరు. ఈ ఏడు?

"మొక్కజొన్న యశోద వాళ్ళు మానేశారు. కంది గోపాలు మానేసిండు. ఇంకెవరున్నరే..." సుబ్బరత్నం ఆగింది. "నేను."

సుజన గోడ మీద ఒక్క గీత గీసింది.

"ఎంపిక జరిగింది కోతుల్లో కాదు పిన్నీ" అంది సుజన. ఈసారి గొంతులో ఆనందం లేదు. "మనలో. తినేది వేసినవాడు ఒక ఏడు నష్టపోతాడు, రెండో ఏడు పత్తి వేస్తాడు, మూడో ఏడు జామాయిల్ వేస్తాడు. తినేది వేసే రకం ఏటా తగ్గిపోతోంది. ఎవరూ పట్టుకుపోలేదు. ఎవరికి వాళ్ళే వెళ్ళిపోయారు."

పాఠకులారా, మీకు బెంగ వద్దు. ఇందులోనూ ఒక మేలు ఉంది! అడవిలో కోతులు తినేవి తీసేసి తిననివి నాటాం, కోతులు చేలకు వచ్చాయి. చేలల్లోనూ తినేవి తీసేసి తిననివి నాటుతున్నాం, కాబట్టి ఇళ్ళలోకి వస్తాయి. ఇళ్ళలోనూ తినేవి మానేసి తిననివి వండుకోవడం అలవాటు చేసుకుంటే సమస్య శాశ్వతంగా పరిష్కారమవుతుంది. ఈ దిశగా ప్రయోగాలు చేసిన మొదటి మనిషిగా నాకు ఏదైనా బిరుదు ఇస్తే వద్దనను.

ఆ ఏడు దసరా సెలవులు వచ్చాయి. యాసంగి పల్లీకి దుక్కులు దున్నే రోజులు. సాయంత్రం నాలుగింటికి సుబ్బరత్నం ఇంటి వరండాలో అందరూ కలిశారు, ఎవరి పని మీద వాళ్ళు. బోను తలుపు బిగుసుకుపోయిందంటే బాగు చేయడానికి ముస్తకీమ్ వచ్చాడు. సెలవులకు సుజన వచ్చింది. సర్పంచ్ గారు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు.

"రత్నమ్మా, నీ ఎకరానికి గూడ జామాయిల్ మొక్కలు రాయించిన. నాలుగేళ్ళు చూడనక్కర్లేదు. కోతి ముట్టదు, పంది ముట్టదు. ఇక్కడ సంతకం పెట్టు, చాలు. ఇక నువ్వు గట్టు మీద ఎండలో కూర్చోనక్కర్లేదు తల్లీ."

ఆయన మంచికే చెబుతున్నాడు. అది సుబ్బరత్నానికి తెలుసు. కాగితం తీసుకుంది, చదవకుండానే సంతకం పెట్టి ఇచ్చింది.

"కూర్చోండి, ఇప్పుడే వస్తా" అని లోపలికి వెళ్ళి, పెద్ద స్టీలు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. ఉప్పేసి ఉడకబెట్టిన పల్లికాయ. ఆవిరి వస్తోంది. వాసనకు అందరి చేతులూ ఒకేసారి గిన్నెలోకి వెళ్ళాయి.

"అరె, ఏం రుచి అమ్మా! కాయకు మూడు గింజలు!" అన్నాడు ముస్తకీమ్. "ఇసుంటి పల్లీ సత్తుపల్లిల దొరకదు."

"ఖమ్మంలో కూడా దొరకదు" అంది సుజన, నోట్లో కాయ పెట్టుకునే.

"చిన్నప్పుడు మా అమ్మ వండేది గిట్లనే" అన్నాడు సర్పంచ్ గారు ఒక్కో గింజా ఒలుచుకుంటూ. ఆయన కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. "ఇంత మంచి కాయ ఊళ్ళో పండుతుందంటే... రత్నమ్మా, ఈ ఏడు ఎక్కడైనా ఒక పక్క కొంచెం వేయరాదా? పంచాయతీ తరఫున నేనే చూసుకుంటా. విత్తనం ఉంది గదా?"

ఆ మాట అన్నాక ఆయన గిన్నె వంక చూశాడు. తర్వాత గోడకు తగిలించిన ఖాళీ గుడ్డసంచి వంక చూశాడు. ముస్తకీమ్ నమలడం ఆపాడు. సుజన చేతిలోని కాయను చూసుకుంది.

సుజన పాఠం లెక్క ప్రకారం చెప్పాలంటే, ఒక గుంపులో ఏదైనా అల్లీల్ పాలు సున్నా అయిందంటే ఇక ఆ తర్వాత దానిలో ఏ మార్పూ ఉండదు. పెరగదు, తగ్గదు. ఎన్ని తరాలైనా సున్నాయే. ఆ సాయంత్రం ఆ ఊళ్ళో మూడు గింజల పల్లీ విషయంలో సమతాస్థితి సంపూర్ణంగా సాధించబడిందని నేను శాస్త్రీయంగా ప్రకటిస్తున్నాను.

"ఆగిపోయిన్రేంది?" అంది సుబ్బరత్నం, గిన్నె వాళ్ళ ముందుకు జరుపుతూ. "తినండి. ఇవాళ మంగళవారం, నేనెట్లాగూ తినను."